మేం ఊరెళ్తే కర్ణుడి సంగతేంటి

కాశీకి వెళ్తే ఇష్టమైనదేదో ఒకటి అక్కడ వదిలేసి రావాలంటారు. మా అత్తగారు కాకరకాయ వదిలేస్తున్నట్టు నెల ముందే ప్రకటించారు. నా పెళ్లయిన ఈ ఇరవై ఆరేళ్లలో ఆవిడ కాకరకాయ తినగా నేను చూడలేదు, అది వేరే సంగతి. నా టెన్షనంతా ఇంటి దగ్గర వదలాల్సిన ఇద్దరి గురించి.

ఒకడు కర్ణుడు, మా కుక్క. ఒంటికి మించిన చెవులు కాబట్టి ఆ పేరు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా తమ్ముడు పాల ప్యాకెట్లు పంచడానికి పడవలో వెళ్లాడు. అక్కడ ఎవరి మేడమెట్ల మీదో వణుకుతున్న రెండు నెలల పిల్లని చొక్కాలో దోపుకుని తెచ్చాడు. రెండోవాడు సున్నుండ, మగపిల్లి. ఆ పేరు ఎందుకో చూస్తే తెలుస్తుంది. సత్యనారాయణపురంలో మాది కింది వాటా. పై వాటాలో పిన్నిగారు, బాబాయిగారు అద్దెకుంటారు. చుట్టాలు కారు, పిలుపు అలా స్థిరపడిపోయింది.

కాశీ ప్రయాణానికి నేను చేసిన ఏర్పాట్లు పైకి చూస్తే లోటు లేనివే. కర్ణుడికి కుక్కల హాస్టల్ మాట్లాడాను. డబ్బు ముందే కట్టాను. వాడి తిండి, వాడి దుప్పటి, వాడి గిన్నె, అన్నీ సంచిలో సర్దిచ్చాను. మూడో రోజు రాత్రి మేం సత్రంలో ఉండగా ఫోనొచ్చింది. "ఆంటీ, మీవాడు రెండు రోజుల నుంచి తినట్లేదు. గిన్నె పెడితే ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తున్నాడు" అన్నాడు హాస్టల్ అబ్బాయి. జ్వరం లేదు, వాంతుల్లేవు. నాకేమీ తోచలేదు. పక్క మంచం మీద నుంచి మావారు, "వాడికి ఎవరైనా 'కానీ' అన్నారా?" అని అడిగారు.

మా ఇంట్లో గిన్నె పెట్టాక "ఊఁ, కానీ" అంటేనే కర్ణుడు తింటాడు. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. చిన్నప్పుడు అన్నం చల్లారేదాకా మా అత్తగారు వాణ్ని ఆపి, తర్వాత కానీ అనేవారు. వాడు దాన్ని చట్టం చేసుకున్నాడు. రోజుకు రెండుసార్లు మా నోటంట వచ్చే మాట కాబట్టే మాకు గుర్తులేదు. ఆ అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి "కానీ" అన్నాడు. కదల్లేదు. ఇంకాస్త గట్టిగా అన్నాడు. ఊహూఁ. చివరికి విసుగొచ్చి "కానీయ్ రా బాబూ!" అన్నాడు. గిన్నె చప్పుడు కాశీదాకా వినిపించింది.

కుక్కను అప్పగించడం తేలిక. మనకు తెలియకుండా మన నోరూ చేతులూ చేసే పనులున్నాయే, వాటిని అప్పగించడం కష్టం. అందుకే ఇప్పుడు ఎవరు సలహా అడిగినా మొదట చెప్పేది ఇదే. ప్రయాణానికి రెండు వారాల ముందు ఒక ఆదివారం, మీ ఇంట్లో మరొకరిని నోటుపుస్తకంతో కూర్చోబెట్టండి. మీరు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా ఆ జంతువుతో ఏమేం చేస్తున్నారో వాళ్లు రాయాలి. మీరే రాసుకుంటే లాభం లేదు, సగం రాయరు. మా అమ్మాయి నన్ను చూస్తూ రాసిన పేజీలో నేను ఎరగనివి పదకొండు ఉన్నాయి. గేటు తీసే ముందు నేను రెండుసార్లు గొళ్లెం ఆడిస్తానట. అది వినగానే సున్నుండ లోపలికి పరిగెడుతుందట. కొత్త మనిషి గొళ్లెం ఆడించకుండా గేటు తీస్తే పిల్లి వీధిలోకి పోవడం ఖాయం.

ఎవరికి అప్పగించాలి అన్నదాంట్లో నా లెక్క ఇది. పిల్లిని ఇల్లు కదపకండి. దానికి మనుషులకంటే చోటు ముఖ్యం. కొత్త చోట పెడితే బీరువా వెనక దూరి తిండి మానేస్తుంది. బొద్దుపిల్లులు రెండు మూడు రోజులు తినకపోతే ఒంట్లో కొవ్వంతా కాలేయం మీద పడి ప్రాణం మీదికొస్తుంది. కాబట్టి పిల్లి ఇంట్లోనే ఉండాలి, మనిషి దాని దగ్గరికి రోజూ రెండుసార్లు రావాలి. కుక్క అలా కాదు. దానికి మనిషి కావాలి. రోజంతా తాళం వేసిన ఇంట్లో ఒంటరిగా ఉంచి, పొద్దునా సాయంత్రం ఎవరో వచ్చి అన్నం పెట్టి పోతే దానికి పిచ్చెక్కినట్టవుతుంది. మన ఇంట్లోనే వచ్చి పడుకునే మనిషి దొరికితే అంతకంటే మంచిది లేదు. దొరక్కపోతే కుక్కకు అలవాటైన చుట్టాల ఇల్లు. అదీ కుదరకపోతే హాస్టల్.

గేటుకి కట్టేసి, పనమ్మాయి వచ్చి ఇంత అన్నం పడేస్తుందిలే అని వెళ్లిపోయేవాళ్లను మా వీధిలోనే చూశాను. వాళ్లకు నేను చెప్పేదొకటే, 1960 నాటి జంతు క్రూరత్వ నిరోధక చట్టం ప్రకారం తిండీ నీళ్లకు మాడేలా వదిలేసి పోవడం, పొద్దస్తమానం గొలుసుతో కట్టి ఉంచడం నేరాలు.

హాస్టల్ అనుకుంటే ముందు మీరు వెళ్లి చూడాలి. ఫోన్లో ఫొటోలు చూసి డబ్బు కట్టొద్దు. నేను రెండోసారి ఎంచుకునేటప్పుడు నాలుగు చోట్లకు వెళ్లాను, అదీ మధ్యాహ్నం మూడు గంటలప్పుడు. పొద్దున పూట అన్నీ కడిగి శుభ్రంగానే ఉంటాయి. మిట్టమధ్యాహ్నం రేకుల షెడ్డు కింద నిలబడితే అసలు సంగతి తెలుస్తుంది. ఒకచోట లోపల నాకే ఊపిరాడలేదు. కూలర్ ఉందన్నారు, ఉంది, ప్లగ్గు లేదు. కరెంటు పోతే ఏం చేస్తారని అడిగితే "వస్తుందండీ" అన్నాడాయన. బెజవాడ ఎండలు తెలిసినవాళ్లు ఆ మాట మీద కుక్కను వదలరు.

అక్కడ అడగాల్సినవి: రాత్రి ఇక్కడ ఎవరు పడుకుంటారు? ఆ మనిషి పేరు, ఫోన్ నంబరు ఇవ్వగలరా? ఇన్ని కుక్కలకు ఎంతమంది ఉన్నారు? గేటు తర్వాత రెండో గేటు ఉందా? కుక్కలన్నిటినీ కలిపి వదులుతారా, వదిలితే పక్కన మనిషి ఉంటాడా? ఒంట్లో బాగోని కుక్కను ఎక్కడ ఉంచుతారు, ఏ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తారు? వీటన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఒకటుంది. "మావాడి టీకాల కార్డు ఎక్కడో పోయింది, పర్లేదా?" అని అడగండి. పర్లేదంటే వచ్చిన దారినే వెళ్లిపోండి. మీ కుక్కని కార్డు లేకుండా తీసుకునేవాడు పక్క కుక్కనీ అలాగే తీసుకుని ఉంటాడు.

టీకాల విషయంలో ఆలస్యం పనికిరాదు. వేసిన మరునాడే రక్షణ రాదు, పది పదిహేను రోజులు పడుతుంది. రేబీస్‌ది, పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుజబ్బులకు కలిపి వేసేది, రెండూ గడువులో ఉండాలి. నాలుగు కుక్కలు ఒకచోట చేరినప్పుడు అంటుకునే దగ్గుకి కూడా టీకా ఉంది. హాస్టల్లో ఉంచబోతున్నామని చెప్పి దాని గురించి డాక్టరుని అడగండి. నులిపురుగుల మందు, పిడుదులకు మందు కూడా అప్పుడే. పిడుదుల వల్ల వచ్చే జ్వరం మన వైపు ఎక్కువ, తిరిగొచ్చాక బయటపడుతుంది. డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు ఏటా వచ్చే జూలై 6ని గుర్తుపెట్టుకోండి. జంతువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల మీద అవగాహన కోసం జరిపే రోజు అది. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబీస్ టీకా ఉచితంగా వేస్తుంటారు. జబ్బు కాస్త పెద్దదైతే మాకు గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది, గుంటూరు వాళ్లు కూడా అక్కడికి వస్తుంటారు.

తర్వాత రిహార్సల్. సంక్రాంతికి వదలాలనుకుంటే కార్తీకమాసంలోనే ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. ఎలాగూ సంక్రాంతి బుకింగ్ అప్పుడే చేసుకోవాలి, పండగకి అందరూ పల్లెల దారి పడతారు, జనవరిలో అడిగితే ఎక్కడా ఖాళీ ఉండదు. ఆ ఒక్క రాత్రికి మీరు ఊళ్లోనే ఉంటారు కాబట్టి ఏదైనా తేడా వస్తే అరగంటలో వెళ్లి తెచ్చుకోవచ్చు. మేం రిహార్సల్ చేసినప్పుడే ఇంకో సంగతి తెలిసింది. అక్కడ పొద్దున్నే పైపుతో నేల కడుగుతారు. నీళ్ల చప్పుడుకి కర్ణుడు మూలకి దూరి, లాగబోయిన అబ్బాయి మీద పళ్లు చూపించాడు. వరదలో దొరికిన పిల్ల అని చెప్పడం మేం మరిచిపోయాం. ఇప్పుడు కడిగేటప్పుడు వాణ్ని ముందే బయట చెట్టు కింద కట్టేస్తున్నారు.

దీపావళికి మాత్రం నేను ఎవరికీ అప్పగించను, ప్రయాణమే మానుకుంటాను. టపాకాయల భయానికి తాడు తెంపుకుని పారిపోయే కుక్కలు ఆ రెండు రోజులూ ఎక్కువ. తెలియని చోట నుంచి పారిపోయిన కుక్కకు ఇంటి దారి కూడా తెలియదు. ఏ రోజైనా సరే, మెడ బెల్టుకి మీ నంబరూ, చూసుకునేవాళ్ల నంబరూ రెండూ ఉన్న బిళ్ల ఉండాలి. మీరు రైల్లో సిగ్నల్ లేకుండా ఉంటే మీ నంబరొక్కటీ ఎందుకు పనికొస్తుంది? దసరాకి మాకు ఆ బెంగ లేదు. దుర్గమ్మ దర్శనానికని చుట్టాలే మా ఇంటికొస్తారు, మేం గడప దాటం.

ఇక సున్నుండ. పై వాటా పిన్నిగారు పొద్దున ఏడింటికీ సాయంత్రం ఆరింటికీ కిందికి దిగి చూస్తారు. ఆవిడకి నేను పెట్టిన షరతు ఒక్కటే, వచ్చిన ప్రతిసారీ పిల్లిని కళ్లారా చూడాలి. గిన్నె ఖాళీ అయింది కదా అని వెళ్లిపోకూడదు. ఒకసారి ఆవిడ స్టోరు గదిలో ఇసుక సంచి కోసం వెళ్లి తలుపు వేసుకుని వచ్చేశారు. సున్నుండ లోపలే ఉండిపోయింది, ఒక రాత్రీ ఒక పగలూ. చీమలు తిన్నంత తిని గిన్నె ఖాళీ చేశాయి, పిల్లి తిందనుకున్నారు. అప్పటినుంచి రోజూ ఒక ఫొటో పంపుతారు. అన్నీ మసగ్గానే ఉంటాయి, పరవాలేదు.

మగపిల్లి ఉన్నవాళ్లు చూసుకునే మనిషికి ఇంకొకటి మొహమాటం లేకుండా చెప్పాలి. ఇసుక తొట్టిలోకి పదేపదే వెళ్తూ, అరుస్తూ, చుక్క కూడా పోయకపోతే అది మలబద్ధకం కాదు, మూత్రం అడ్డుపడింది. రేపు చూద్దాం అనుకుంటే పిల్లి ఉండదు. అదే పూట డాక్టరు దగ్గరికి. పిన్నిగారు ఇసుకలో మూత్రం గడ్డలు లెక్కపెట్టడం నేర్చుకున్నారు. "రెండు, మామూలే" అని మెసేజ్ పెడతారు. ఆ మెసేజ్ చదివి కాశీ ఘాట్ల మీద నేను ఎంత తృప్తిపడ్డానో చెప్తే విశ్వనాథుడికి కోపమొస్తుంది.

అన్నిటికీ కలిపి ఫ్రిజ్ మీద ఒక కాగితం. పెద్దక్షరాల్లో, తెలుగులో. మాది ఇలా ఉంటుంది:

"కర్ణుడు: పొద్దున ఆరు లోపు, రాత్రి ఏడు దాటాక నడక. ముందు చెయ్యి తిప్పి అరచేతి వెనక వైపు రోడ్డు మీద పెట్టి చూడండి, మీ చెయ్యి ఆగకపోతే వాడి కాలూ ఆగదు. అన్నం రెండుసార్లు, చెంబు గుర్తు దాకా. 'కానీ' అనాలి.

పెట్టకూడనివి: ఉల్లి, వెల్లుల్లి పడిన కూర ఏదీ. ద్రాక్ష, కిస్‌మిస్. చాక్లెట్. ఉడికిన కోడి ఎముకలు. గుడి ప్రసాదం చక్కెర పొంగలిలో కిస్‌మిస్ ఉంటుంది, దయచేసి వద్దు. మహాపాపం అనుకుంటే నా ఖాతాలో రాయండి.

ఒళ్లు వెచ్చగా ఉందని జ్వరం అనుకోవద్దు, కుక్కకి 101, 102 డిగ్రీలు మామూలే. మన జ్వరం మాత్ర ఇద్దరికీ వద్దు. పిల్లికైతే ఒక్క పారాసిటమాల్ చాలు, చచ్చిపోతుంది.

ఎండకి నాలుక బయటపెట్టి ఆగకుండా రొప్పుతూ తూలితే: నీడలోకి, ఒంటి మీద మామూలు కుళాయి నీళ్లు, ఫ్యాను, వెంటనే డాక్టరు. ఐసు నీళ్లు వద్దు.

పొరపాటున పన్ను గాటు పడితే: సబ్బుతో కుళాయి కింద 15 నిమిషాలు కడిగి, ఆసుపత్రికి వెళ్లి సూది వేయించుకోవాలి. టీకా వేశాంలే అని ఊరుకోవద్దు.

డాక్టరు నంబరు. మా తమ్ముడి నంబరు. మేం దొరక్కపోతే వాడు చెప్పిందే మాట. ఐదు వేల దాకా ఎవరినీ అడగక్కర్లేదు."

ఆ చివరి వాక్యాలు చాలామంది రాయరు. పక్కింటివాళ్లు మంచివాళ్లే, కానీ మీ డబ్బు ఖర్చు పెట్టడానికి జంకుతారు. ఫోన్ కలిసేదాకా ఆగుదాం అనుకుంటారు, ఆ ఆగడంలోనే పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే నేను వెళ్లే ముందు పిన్నిగారికి ఐదు వేలు ఫోన్‌పే చేసేస్తాను. మా డాక్టరుగారికి కూడా ఫోన్ చేసి, ఫలానా తేదీల్లో ఫలానావిడ తీసుకొస్తే చూడండి అని చెప్తాను. తాళంచెవులు రెండు జతలు, ఒకటి పిన్నిగారి దగ్గర, ఒకటి తమ్ముడి దగ్గర.

చేపల తొట్టి ఉన్నవాళ్లకు ఒక్క ముక్క. పెద్ద చేపలు రెండు మూడు రోజులు తిండి లేకపోయినా ఉంటాయి. చచ్చేది ఎక్కువగా పక్కింటి పిల్లాడు ప్రేమ కొద్దీ గుప్పెడు పోయడం వల్ల. మాత్రల డబ్బాలో రోజుకో గదిలో చిటికెడు సర్ది ఇవ్వండి, మిగతా డబ్బా దాచేయండి. రామచిలక పెంచేవాళ్లు దాన్ని ఎక్కడ వదలాలని నన్ను అడగొద్దు. 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం అసలు పెంచడమే నేరం.

వెంట తీసుకెళ్తే సరిపోదా అని మా అత్తగారు అడిగారు. రైల్లో కుక్కని తీసుకెళ్లాలంటే ఫస్ట్ ఏసీలో కూపేనో క్యాబినో మొత్తం మనదై ఉండాలి, లేదా గార్డు ఉండే బ్రేక్ వ్యాన్లోని కుక్కల పెట్టెలో వేయాలి. పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. స్లీపర్లో, మామూలు ఏసీ బోగీల్లో కుదరదు. ఆ ఇనప పెట్టె ఒకసారి చూశాను. వేసవిలో దాంట్లో వేసే బదులు ప్రయాణం వాయిదా వేసుకుంటాను.

తిరిగొచ్చిన రోజు ఇద్దరినీ పట్టుకుని చూడాలి. చెవుల వెనక, కాలివేళ్ల మధ్య పిడుదులు వెతకండి, బరువు చూడండి. రెండు రోజులు కాస్త పల్చగా విరేచనమైతే కంగారొద్దు, రక్తం కనిపిస్తేనో, తినకపోతేనో డాక్టరుకి చూపించండి. హాస్టల్ అబ్బాయికి రోజు లెక్క కాకుండా విడిగా ఏదైనా చేతిలో పెట్టండి, అసలు మనిషి అతనే. పిన్నిగారు డబ్బిస్తే కోప్పడతారు. ఆవిడకి కాశీ నుంచి ఒక చీర, గంగ చెంబు తెచ్చాను. సున్నుండ నా వంక చూడకుండా ఆవిడ ఒళ్లోకి ఎక్కి కూర్చుంది. మూడు రోజులు అలాగే చేసింది.

కర్ణుడు వచ్చిన పూట మా అత్తగారు గిన్నె పెట్టి "ఊఁ, కానీ" అన్నారు. వాడు కూర్చుని ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు. ఇంకోసారి అన్నారు. కదల్లేదు. లోపలి నుంచి మావారు "కానీయ్ రా బాబూ!" అని కేకేశారు. ఇప్పుడు ఫ్రిజ్ మీద కాగితంలో రెండు మాటలూ రాసి ఉన్నాయి.